ఆపరేషన్ ఉచితమే... మత్తు డాక్టరేరీ?

రాత్రి రెండు గంటలు. ఏదో ఒక దేశంలో, ఏదో ఒక జిల్లా ఆసుపత్రి అనుకుందాం. కాన్పు ఎంతకీ కాక, నొప్పులతో సొమ్మసిల్లిపోతున్న గర్భిణిని బండిలో వేసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది, సిజేరియన్ చేయక తప్పదు. ఖర్చు గురించి ఎవరికీ టెన్షన్ లేదు, ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ పూర్తిగా ఉచితం. ఆపరేషన్ చేయగల డాక్టర్ క్వార్టర్స్‌లోనే ఉన్నారు, కబురు పెడితే పది నిమిషాల్లో వచ్చేశారు. తీరా చూస్తే మత్తు ఇచ్చే మనిషి లేరు. ఉన్న ఒక్కరూ సెలవు మీద వెళ్లారు. పోనీ వెన్నుకు ఇచ్చే మత్తు తానే ఇద్దామని డాక్టర్ చూస్తే, స్టోర్‌లో ఆ సూదులు అయిపోయి నాలుగు రోజులైంది. పక్క పట్టణానికి రిఫర్ చేశారు. అంబులెన్స్ రావడానికే గంటన్నర పట్టింది.

ఇక్కడ డబ్బు లేక ఆగిందేమీ లేదు. బీమా ఉంది, భవనం ఉంది, కోసే చెయ్యి ఉంది. గొలుసులో లంకె ఊడింది, అంతే. టీకా వేయాలంటే చల్లగా నిలవ ఉంచిన మందు, సూది, వేసే మనిషి ఉంటే చాలు. మాత్రలైతే ఇంకా సులువు. ఆపరేషన్‌కి కోసేవారు, మత్తు ఇచ్చేవారు, పక్కన నర్సు, స్టెరిలైజ్ చేసిన పరికరాలు, కరెంటు, నీళ్లు, ఆక్సిజన్, కుట్లు వేసే దారం, అవసరమైతే ఎక్కించడానికి రక్తం, అయ్యాక కనిపెట్టుకుని చూసే వార్డు కావాలి. ఇవన్నీ ఒకే గంటలో ఒకే చోట ఉండాలి. పదిలో తొమ్మిది ఉన్నాయి కదా అని తొంభై శాతం ఆపరేషన్ చేయడం కుదరదు. అసలు ఆపరేషనే జరగదు.

సార్వత్రిక ఆరోగ్య సంరక్షణ మీద ఇన్నేళ్లుగా నడిచిన చర్చలో పెద్ద భాగం ఖర్చు ఎవరు భరించాలన్న దాని చుట్టూనే తిరిగింది. రోగి జేబులోంచి పోకుండా పన్నుల డబ్బుతోనో, బీమా ప్రీమియంతోనో వైద్యం అందించడం ఎలా అన్నది అవసరమైన ప్రశ్నే. శస్త్రచికిత్స దగ్గరికొచ్చేసరికి అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. డబ్బు భరించడానికి ఒప్పుకున్న ఆ వైద్యం రాత్రి రెండు గంటలకు అక్కడ ఉంటుందా? దీనికి జవాబు ఆసుపత్రి సూపరింటెండెంట్ చేతిలో ఉండదు. మత్తు డాక్టర్లు తయారయ్యేది మెడికల్ కాలేజీలో. వాళ్ల పోస్టులు మంజూరు చేసేది ఆర్థిక శాఖ. కరెంటు లైను ఒక శాఖది, రోడ్డు మరో శాఖది. వీళ్లందరినీ ఒక కాగితం మీదికి తీసుకురావడానికే జాతీయ శస్త్రచికిత్స ప్రణాళికలు పుట్టాయి. ఆ కాగితం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు బీరువాలో దుమ్ము పట్టిపోతుంది అన్నదే అసలు విషయం.

పోస్టర్ మీద వేయడానికి శత్రువు లేడు

1978లో అల్మా ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు ప్రకటన 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యం అన్నప్పుడు దానికి గుండెకాయ ప్రాథమిక వైద్యం. ఆపరేషన్లంటే నగరాల్లోని పెద్దాసుపత్రుల వ్యవహారమన్న అభిప్రాయం అప్పటికే పాతుకుపోయి ఉంది. రెండేళ్ల తర్వాత, 1980లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ హాఫ్డాన్ మాలర్ మెక్సికోలో జరిగిన సర్జన్ల అంతర్జాతీయ సభలో ఒక మాట తేల్చి చెప్పారు. ప్రపంచ జనాభాలో అత్యధికులకు నైపుణ్యమున్న శస్త్రచికిత్స అందడం లేదని, దానికి పరిష్కారం వెతికే ప్రయత్నమూ పెద్దగా జరగడం లేదని. ఆ మాట అలాగే గాలిలో కలిసిపోయింది. 2008లో పేద దేశాల్లో పనిచేసిన వైద్యులు పాల్ ఫార్మర్, జిమ్ యాంగ్ కిమ్ ప్రపంచ ఆరోగ్య రంగం శస్త్రచికిత్సను సవతి బిడ్డలా చూస్తోందని రాసేనాటికి పరిస్థితి పెద్దగా మారలేదు.

ఈ నిర్లక్ష్యం వెనక ఎవరి కుట్రా లేదు. మలేరియాకు ఒక దోమ ఉంది, క్షయకు ఒక క్రిమి, ఎయిడ్స్‌కు ఒక వైరస్. నిధులు సేకరించాలంటే పోస్టర్ మీద వేయడానికి ఒక శత్రువు కావాలి. శస్త్రచికిత్సకు శత్రువెవరు? విరిగిన తొడ ఎముక, పగిలిన అపెండిక్స్, అడ్డం తిరిగిన బిడ్డ, రొమ్ములో గడ్డ, కంట్లో శుక్లం, గ్రహణం మొర్రి... వీటన్నిటినీ కలిపే ఉమ్మడి లక్షణం ఒక్కటే, అన్నిటికీ ఆపరేషన్ థియేటర్ కావాలి. థియేటర్ కోసం ఎవరూ ర్యాలీ తీయరు. పైగా ఆపరేషన్ ఖరీదైన విలాసమని, పేద దేశాలు ముందు టీకాల సంగతి చూసుకుంటే చాలని ఒక లెక్క ఉండేది. ఆ లెక్క తప్పని తేలడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది శస్త్రచికిత్స మీద లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ నివేదిక వచ్చింది. అవసరమైనప్పుడు సురక్షితమైన, తాహతుకు తగ్గ శస్త్రచికిత్స అందని వాళ్లు ప్రపంచంలో 500 కోట్ల మంది అని అది అంచనా కట్టింది. ఏటా 31 కోట్లకు పైగా ఆపరేషన్లు జరుగుతుంటే, ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్న అతి పేద దేశాల వాటా అందులో 6 శాతమే. కనీస అవసరం తీరాలన్నా ఏటా ఇంకో 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలి. పట్టించుకోకుండా వదిలేస్తే 2015 నుంచి 2030 లోపు అల్పాదాయ, మధ్యాదాయ దేశాలు కోల్పోయే ఉత్పత్తి విలువ 12.3 లక్షల కోట్ల డాలర్లు. అదే ఏడాది, ప్రపంచ బ్యాంకు ప్రచురించిన మరో అధ్యయనం అత్యవసరమైన 44 శస్త్రచికిత్సల జాబితా ఇచ్చింది. అవి అందరికీ అందితే ఏటా 15 లక్షల మరణాలు ఆపవచ్చని, పెట్టిన ప్రతి డాలరుకు పది డాలర్ల ప్రయోజనం ఉంటుందని లెక్క చెప్పింది. ఆ 44లో 28 చేయడానికి పెద్ద ఆసుపత్రి కూడా అక్కర్లేదు, జిల్లా స్థాయి ఆసుపత్రి చాలు. విలాసం అన్న వాదన అక్కడితో కూలిపోయింది. ఆ ఏడాది మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలన్నీ కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ 68.15 నంబరు తీర్మానంతో అత్యవసర శస్త్రచికిత్సనూ, మత్తు వైద్యాన్నీ సార్వత్రిక ఆరోగ్య సంరక్షణలో భాగంగా ఒప్పుకుంది.

మూడు ఆపరేషన్లు, రెండు గంటలు

ఒక దేశంలో శస్త్రచికిత్స ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలంటే వందల రకాల ఆపరేషన్లను లెక్కపెట్టనక్కర్లేదని కమిషన్ ఒక కిటుకు చెప్పింది. మూడు చూస్తే చాలు. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే లాపరాటమీ, చర్మం చీల్చుకుని ఎముక బయటపడ్డ ఫ్రాక్చర్‌కు చికిత్స. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టన్నమాట. ఈ మూడూ చేయగలిగిన ఆసుపత్రి మిగతా సాధారణ శస్త్రచికిత్సల్లో చాలా వాటిని చేయగలదు.

ఈ మూడింటినే ఎంచుకోవడంలో తెలివి ఉంది. ఒక్కోటి ఆసుపత్రిని ఒక్కో వైపు నుంచి పరీక్షిస్తుంది. సిజేరియన్ వేగాన్ని పరీక్షిస్తుంది. నిర్ణయం తీసుకున్నాక బిడ్డ బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, థియేటర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటోందా అన్నది అక్కడ బయటపడుతుంది. లాపరాటమీకి రోగిని పూర్తిగా మత్తులో ఉంచాలి, శ్వాస గొట్టం వేయాలి, పొట్ట తెరిచాక లోపల ఏముందో చూసి అక్కడికక్కడే నిర్ణయించుకోగల సర్జన్ కావాలి. అది మనుషుల నైపుణ్యానికి పరీక్ష. ఎముక బయటపడ్డ ఫ్రాక్చర్ ఒక్క పూటలో తేలదు. ఎక్స్-రే తీయాలి, గాయాన్ని శుభ్రంగా కడగాలి, చచ్చిన కండ తీసేయాలి, రెండు మూడుసార్లు థియేటర్‌కి తీసుకెళ్లాలి, చీము పట్టకుండా వారాల తరబడి చూసుకోవాలి. ఆసుపత్రి ఓపిక ఎంతో అక్కడ తెలుస్తుంది. సిజేరియన్లు బాగా చేస్తూ, విరిగిన కాలిని మాత్రం చూడగానే రిఫర్ చేసే ఆసుపత్రి ఉందంటే, కాన్పుల కార్యక్రమానికి నిధులొచ్చాయి గానీ ఆసుపత్రి ఎదగలేదని అర్థం.

ఈ మూడూ చేయగల చోటికి రెండు గంటల్లో చేరుకునే జనాభా 2030 నాటికి 80 శాతం ఉండాలన్నది లక్ష్యం. కాన్పు తర్వాత ఆగకుండా రక్తం పోతే తల్లి ప్రాణం దాదాపు అంత సమయంలోనే పోవచ్చు. వినడానికి బాగుంది. కొలిచే దగ్గర మాత్రం చిక్కుంది. ప్రణాళికా విభాగాల్లో ఈ రెండు గంటలను సాధారణంగా కంప్యూటర్ మ్యాపు మీద లెక్కేస్తారు. ఆసుపత్రుల చుక్కలు పెట్టి, రోడ్ల మీద బండి ఎంత వేగంతో పోతుందో అనుకుని, ఆ వలయంలోకి వచ్చే జనాభాను కూడతారు. ఇంటి ముందు బండి ఉందని, వాగు పొంగలేదని, అర్ధరాత్రి డ్రైవర్ దొరుకుతాడని మ్యాపు నమ్ముతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చుక్క పెట్టిన ఆసుపత్రిలో మత్తు డాక్టర్ ఉన్నారని నమ్ముతుంది. మొదట్లో చెప్పిన గర్భిణి మ్యాపు ప్రకారం రెండు గంటల లోపే ఉంది.

ప్రణాళికలో ఏముంటుంది

ఈ ప్రణాళికలు సాధారణంగా ఆరు అంశాల మీద నడుస్తాయి. వసతులు, సేవలు అందే తీరు, సిబ్బంది, నిధులు, సమాచారం, పాలన. వీటిలో వసతులూ సిబ్బందీ గురించి అందరూ మాట్లాడతారు. చివరి మూడే ప్రణాళిక తలరాతను నిర్ణయిస్తాయి. శస్త్రచికిత్స, ప్రసూతి, మత్తు వైద్యం మూడింటినీ కలిపి ఈ పద్ధతిలో మొదట పూర్తి ప్రణాళిక రాసుకున్న దేశం జాంబియా, 2017లో. అంతకు ముందే 2016లో ఇథియోపియా సురక్షిత శస్త్రచికిత్సతో ప్రాణాలు కాపాడటం అనే అర్థం వచ్చే పేరుతో తన కార్యక్రమం మొదలుపెట్టింది. టాంజానియా, రువాండా 2018 నుంచి, నైజీరియా 2019 నుంచి తమ ప్రణాళికలు ప్రకటించాయి. నైజీరియా తన ప్రణాళిక పేరులోనే నర్సింగ్‌ను కూడా చేర్చుకుంది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, థియేటర్ నర్సు లేకపోతే సర్జన్ చేతులు కట్టుకుని నిలబడాల్సిందేనని తెలిసినవాళ్లు చేసిన పని అది.

సిబ్బంది లెక్క కొంచెం వివరంగా చూడాలి. సర్జన్లు, ప్రసూతి వైద్యులు, మత్తు డాక్టర్లు కలిపి లక్ష జనాభాకు కనీసం 20 మంది ఉండాలని, లక్ష జనాభాకు ఏటా 5,000 ఆపరేషన్లు జరగాలని కమిషన్ పెట్టిన లక్ష్యాలు. కోటి జనాభా ఉన్న దేశానికైతే 2,000 మంది నిపుణులు, 5 లక్షల ఆపరేషన్లు. నిపుణులు 200 మందే ఉన్నారనుకుంటే, ఒక్కొక్కరూ ఏటా 2,500 ఆపరేషన్లలో పాలుపంచుకుంటే తప్ప లెక్క సరిపోదు. అది జరిగే పని కాదు. కొత్తవాళ్లను తయారుచేద్దామంటే, ఈ రోజు మెడిసిన్‌లో చేరిన విద్యార్థి చేతికి కత్తి వచ్చి సొంతంగా ఆపరేషన్ చేయడానికి పదేళ్లకు పైగా పడుతుంది. చాలా ప్రణాళికల కాలం చూస్తే ఐదారేళ్లు. అంటే ప్రణాళిక మొదటి రోజున కాలేజీలో చేరిన ఒక్క విద్యార్థి కూడా ఆ ప్రణాళిక ముగిసేలోపు సర్జన్ కాడు. ఐదేళ్ల ప్రణాళికలో నిపుణుల సంఖ్యను రెట్టింపు చేస్తామని రాసి ఉంటే, ఎక్కడి నుంచి తెస్తారని అడగాల్సిందే.

మొజాంబిక్ ఈ చిక్కును వేరే దారిలో విప్పింది. 1984లో, డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందిని ఎంపిక చేసి మూడేళ్లపాటు శస్త్రచికిత్సలో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. గ్రామీణ ఆసుపత్రుల్లో పెద్ద ప్రసూతి ఆపరేషన్లలో అత్యధికం వీళ్ల చేతుల మీదుగానే జరిగాయి. తర్వాత జరిగిన ఒక పరిశీలనలో ఆసక్తికరమైన సంగతి తేలింది. జిల్లా ఆసుపత్రుల్లో వేసిన ఏడేళ్లకు వీళ్లలో 88 శాతం మంది అక్కడే ఉన్నారు, అదే కాలంలో అలాంటి చోట్లకు వెళ్లిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు. సర్జన్ల సంఘాలకు ఈ పద్ధతి అంటే పడదు. డాక్టర్ కానివాళ్ల చేతికి కత్తి ఇవ్వడం ఏమిటన్నది వాళ్ల అభ్యంతరం. భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. పైనుంచి చూసేవాళ్లు లేకుండా, జీతం స్కేలు లేకుండా, ప్రమోషన్ దారి లేకుండా శిక్షణ ఇచ్చి వదిలేస్తే ఆ మనిషీ నష్టపోతాడు, రోగీ నష్టపోతాడు. అయితే ఆ ఊళ్లో ప్రత్యామ్నాయం సర్జన్ కాదు, ఎవరూ లేకపోవడం. ఇంకో దారి కూడా ఉంది. 1999లో ఏర్పడిన తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా సర్జన్ల కాలేజీ తన విద్యార్థులను ఒక పెద్ద క్యాంపస్‌కు రప్పించదు. వాళ్లు పనిచేస్తున్న ప్రాంతాల్లోని ఆసుపత్రుల్లోనే శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. అక్కడ చదివినవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉండిపోతున్నారు.

మత్తు డాక్టర్ల కొరత అన్నిటికంటే తీవ్రమైనది, అందరి కళ్లూ తప్పించుకునేదీ అదే. లక్ష మందికి కనీసం ఐదుగురు ఉండాలని మత్తు వైద్యుల ప్రపంచ సమాఖ్య సూచిస్తే, 2017లో వెలువడిన దాని సర్వేలో 77 దేశాలు ఆ గీత కింద ఉన్నాయి. ఆపరేషన్ బాగా జరిగితే పేరు సర్జన్‌కి వస్తుంది. మత్తు డాక్టర్ ముఖం రోగికి గుర్తు కూడా ఉండదు. జనం అడగని పోస్టును ప్రభుత్వం మంజూరు చేయదు.

వస్తువుల సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూపే పల్స్ ఆక్సిమీటర్ లేని ఆపరేషన్ థియేటర్లు ప్రపంచంలో 77,000కు పైనే ఉంటాయని 2010లో ఒక అంచనా వచ్చింది. కరెంటు సరిగా లేని, లేదా అసలే లేని ఆరోగ్య కేంద్రాల మీద దాదాపు 100 కోట్ల మంది ఆధారపడి ఉన్నారు. పేద దేశాల ఆసుపత్రుల్లో ఉన్న వైద్య పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయడం లేదని ఒక అధ్యయనం తేల్చింది. కొత్త మెషీన్ వచ్చిన రోజున ఫొటోలు దిగుతారు. దాని ఫిల్టర్ ఆరు నెలలకోసారి మార్చాలి, ఆ ఫిల్టర్ కొనడానికి పద్దు ఉండదు. మరమ్మతు చేసే టెక్నీషియన్ పోస్టు లేని ప్రణాళికలో ఎన్ని మెషీన్లు రాసుకున్నా అవి చివరికి వరండాలో గుడ్డ కప్పుకుని కూర్చుంటాయి.

ప్యాకేజీ చేసే మేలు, చేసే కీడు

ఇక డబ్బు. ఆపరేషన్ ఖర్చుల వల్ల ఏటా 3.3 కోట్ల మంది ఆర్థికంగా కుదేలవుతున్నారని లాన్సెట్ కమిషన్ అంచనా. ఆసుపత్రికి వెళ్లిరావడానికి, అక్కడ తిండికి, బసకి అయ్యే ఖర్చుల వల్ల ఇంకో 4.8 కోట్ల మంది. రెండో సంఖ్య మొదటిదానికంటే పెద్దదన్న సంగతి గమనించాలి. అంటే ఆసుపత్రి బిల్లు సున్నా చేసినా సగానికి పైగా సమస్య అలాగే ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో జరగాల్సిన ఆపరేషన్ కోసం రాజధానికి వెళ్లినవాళ్లకు ఆపరేషన్ ఉచితమే, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న పదిహేను రోజుల కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. థియేటర్‌ను ఊరికి దగ్గరగా పెట్టడం కూడా ఒక రకంగా ఆర్థిక రక్షణే.

బీమా ప్యాకేజీలో ఆపరేషన్‌ను చేర్చి, కేసుకు ఇంతని ఆసుపత్రికి కట్టే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. రోగులకు అది పెద్ద అండ, సందేహం లేదు. అయితే ప్రణాళిక లేకుండా ప్యాకేజీ ఒక్కటే వస్తే డబ్బు ఇప్పటికే థియేటర్లున్న చోటికే ప్రవహిస్తుంది. థియేటర్లు నగరాల్లో ఉన్నాయి కాబట్టి మారుమూల జిల్లాల పేరు మీద కేటాయించిన సొమ్ము కూడా నగరానికే చేరుతుంది. రేటు బాగా గిట్టుబాటయ్యే ఆపరేషన్లు అవసరానికి మించి పెరుగుతాయి, గిట్టుబాటు కానివి రిఫర్ అవుతాయి. సిజేరియన్లే ఉదాహరణ. ప్రపంచవ్యాప్తంగా కాన్పుల్లో 21 శాతం సిజేరియన్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికాలో అది దాదాపు 5 శాతం. ఒకవైపు కోయనక్కర్లేని కడుపులు కోస్తున్నారు, మరోవైపు కోయాల్సిన కడుపు కోసేవారు లేక తల్లులు పోతున్నారు. రెండూ ఒకే దేశంలో, ఒకే పథకం కింద కూడా జరగవచ్చు.

అందుకే ప్రణాళిక అసలు పరీక్ష ఆర్థిక శాఖ గది తలుపు దగ్గర మొదలవుతుంది. ప్రణాళిక రాయడానికి సమావేశాలు, కన్సల్టెంట్లు, ముద్రణ, ఆవిష్కరణ సభ... వీటికి దాతలు సులువుగానే దొరుకుతారు. జనరేటర్‌లో పోసే డీజిల్‌కు, రాత్రి డ్యూటీ భత్యానికి ఏ దాతా రాడు. అవి ఏటా తిరిగి తిరిగి వచ్చే ఖర్చులు, వాటికి దేశ బడ్జెట్‌లోనే పద్దు ఉండాలి. ఆర్థిక శాఖ అధికారి అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. మొత్తం ఖర్చెంత, అందులో ఇప్పటికే కేటాయించింది ఎంత, మొదటి ఏడాదే కావాల్సింది ఎంత, మిగతాది ఆగితే ఏమవుతుంది. సర్జన్లూ ఆరోగ్య శాఖా మాత్రమే కూర్చుని రాసిన ప్రణాళికలో ఈ జవాబులు ఉండవు. కోరికల జాబితా ఉంటుంది. జాంబియా తన శస్త్రచికిత్స ప్రణాళికను దేశ ఆరోగ్య వ్యూహ ప్రణాళికలోనే ఇమిడ్చింది. విడిగా మెరిసే పుస్తకం కంటే అదే మేలు, బడ్జెట్ సమయంలో అధికారి టేబుల్ మీద ఉండేది ఆ పెద్ద ప్రణాళికే.

శస్త్రచికిత్సకు విడిగా ప్రణాళిక అంటే ప్రాథమిక వైద్యం పొట్ట కొట్టడమేనని కొందరంటారు. నిధులు పరిమితమైనప్పుడు ఆ ప్రశ్న రావాల్సిందే. కానీ జిల్లా ఆసుపత్రి థియేటర్ కోసం పెట్టిన ఆక్సిజన్ న్యుమోనియాతో వచ్చిన పసిబిడ్డకూ పనికొస్తుంది. బ్లడ్ బ్యాంక్ రక్తహీనతతో వచ్చినవాళ్లకూ పనికొస్తుంది. పగలూ రాత్రీ ఆగని కరెంటు టీకాల ఫ్రిజ్‌ను కూడా నడుపుతుంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సభ 76.2 తీర్మానంలో అత్యవసర వైద్యం, క్రిటికల్ కేర్, శస్త్రచికిత్స మూడింటినీ కలిపి చూడాలని చెప్పడానికి నేపథ్యం కోవిడ్. ఆ మహమ్మారి మొదటి దెబ్బకు, తీవ్రంగా ఉన్న 12 వారాల్లో, ప్రపంచంలో ముందుగా నిర్ణయించిన 2.8 కోట్ల ఆపరేషన్లు రద్దవడమో, వాయిదా పడడమో జరుగుతుందని పరిశోధకులు అంచనా వేశారు. ఒకే ఆక్సిజన్, ఒకే మత్తు డాక్టర్, ఒకే బెడ్డు కోసం రెండు అవసరాలు పోటీపడ్డాయి.

ఆపరేషన్ అయ్యాక

ఆపరేషన్ల సంఖ్య పెంచితే సరిపోతుందా? ఆపరేషన్ అయిన 30 రోజుల లోపు చనిపోతున్నవారు ప్రపంచంలో ఏటా 42 లక్షల మంది అని 2019లో ఒక అంచనా వచ్చింది. ఎయిడ్స్, క్షయ, మలేరియా మూడూ కలిపి తీసే ప్రాణాల కంటే అది ఎక్కువ. ఆఫ్రికాలో 25 దేశాల్లోని 247 ఆసుపత్రుల్లో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మిగతా ప్రపంచం కంటే చిన్న వయసువాళ్లు, ఇతర జబ్బులు తక్కువున్నవాళ్లు. అయినా చనిపోయే అవకాశం ప్రపంచ సగటుకు రెట్టింపు. ఆ మరణాల్లో దాదాపు 94 శాతం ఆపరేషన్ రోజున జరగలేదు, ఆ తర్వాతి రోజుల్లో జరిగాయి. రాత్రి బీపీ పడిపోయింది, ఎవరూ చూడలేదు. పొట్ట ఉబ్బింది, తెల్లారేదాకా ఆగమన్నారు. ఒక నర్సు, నలభై మంచాలు. కత్తి పట్టే చేతుల గురించి పేజీలకు పేజీలు రాసే ప్రణాళికలు, రాత్రి వార్డులో మంచం మంచం తిరిగి నాడి చూసే చేతుల గురించి ఒక్క పేరాతో సరిపెడుతుంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల సేఫ్టీ చెక్‌లిస్ట్ కథ కూడా ఇలాంటిదే. ఎనిమిది నగరాల్లో ప్రయత్నించి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఖర్చు దాదాపు లేదు, ఒక కాగితం, బిగ్గరగా చదివే ఒక గొంతు. ఇప్పుడు ఎన్నో థియేటర్ల గోడకు ఆ కాగితం అంటించి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక అన్ని గడుల్లో ఒకేసారి టిక్కులు పెట్టి ఫైల్లో దోపేస్తే అది కాగితమే, చెక్‌లిస్ట్ కాదు.

థియేటర్ బయట టేబుల్ మీద ఒక పెద్ద రూళ్ల రిజిస్టర్ ఉంటుంది. అట్ట నలిగి, అంచులు చిరిగి. తేదీ, పేరు, వయసు, జబ్బు, చేసిన ఆపరేషన్, ఇచ్చిన మత్తు, సర్జన్ పేరు, నర్సు పేరు. చివర్లో ఫలితం అనో, రిమార్క్స్ అనో ఒక గడి. పేజీలు తిప్పితే ఆ గడి చాలాచోట్ల ఖాళీ. నింపిన చోట రోగిని వార్డుకు పంపారు అని ఉంటుంది, అక్కడితో థియేటర్ బాధ్యత తీరిపోయింది. ఆ రోగి మూడో రోజు వార్డులో పోతే అది వార్డు పుస్తకంలో ఇంకో నంబరు కింద నమోదవుతుంది. ఇంటికి వెళ్లి పదో రోజు పోతే ఏ పుస్తకంలోనూ ఉండదు. శస్త్రచికిత్స తర్వాతి మరణాల రేటును 2020 కల్లా 80 శాతం దేశాలు, 2030 కల్లా అన్ని దేశాలూ లెక్కకట్టాలన్నది కమిషన్ పెట్టిన లక్ష్యాల్లో ఒకటి. దానికి శాటిలైట్లు అక్కర్లేదు. రెండు పుస్తకాల్లోనూ రోగికి ఒకే నంబరు వేయాలి, ఇంటికి పంపేటప్పుడు ఫోన్ నంబరు రాసుకోవాలి, 30వ రోజున ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగాలి. ఆ ఎవరో ఒకరికి అది డ్యూటీ అని రాసి ఉండాలి, ఫోన్ బిల్లుకు పద్దు ఉండాలి.